సున్నపురాయికి గాలి తగలకూడదు, ఎందుకు?



టెన్త్ క్లాసులో 'యాసిడ్స్, బేసెస్' పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, యాసిడ్ నీళ్లలో సున్నపురాయి వేస్తే సరిపోతుంది కదా?" టెక్స్ట్‌బుక్ ప్రకారం సరిపోతుంది. గనుల దగ్గర మాత్రం అంత తేలిక కాదు.

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరం గని ఉండేది. 1991లో దాన్ని మూసేసి, పంపులు ఆపేశారు. లోపల నీరు నిండింది. అలాంటి గనుల్లో పైరైట్ ఉంటుంది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. దానికి గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ యాసిడ్ పుడుతుంది. ఆ యాసిడ్ రాళ్లలోని జింక్, కాడ్మియం లాంటి లోహాలను కరిగించుకుంటుంది. 1992 జనవరిలో గని సొరంగానికి పెట్టిన అడ్డు తెగి, సుమారు 5 కోట్ల లీటర్ల నీరు కార్నన్ నదిలోకి వచ్చిపడింది. నది నారింజ రంగుకు తిరిగింది.

తర్వాత అక్కడ 'పాసివ్ ట్రీట్‌మెంట్' చేసి చూశారు. మూతపడిన గనికి రోజూ కరెంటు, కెమికల్స్ ఖర్చు ఎవరు పెడతారు? అందుకని సున్నపురాయి, రెల్లు మడుగులు, బ్యాక్టీరియాతోనే పని కానిచ్చే పద్ధతి ఇది. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ నీటిలోని ఇనుముకు గాలి తగిలితే తుప్పులా మారి రాయి మీద పేరుకుంటుంది. పొర కమ్మేశాక రాయి ఉన్నా లేనట్టే. అందుకే సున్నపురాయిని కాలువలో నింపి, గాలి చొరకుండా పైన కప్పేస్తారు. యాసిడ్ తగ్గాక నీటిని మడుగుల్లోకి వదిలి, అప్పుడు గాలి తగలనిస్తారు. తుప్పు అడుగుకు చేరుతుంది. ఇంకో మడుగులో, పేడ, గడ్డి వేసిన గాలి ఆడని బురదలో, బ్యాక్టీరియా మిగిలిన లోహాలను సల్ఫైడ్లుగా మార్చి పట్టేస్తుంది.

వీల్ జేన్‌లో మాత్రం నీరు మరీ ఎక్కువ, స్థలం తక్కువ. చివరికి 2000లో సున్నం కలిపే ప్లాంటే పెట్టాల్సి వచ్చింది. నీరు తక్కువగా వచ్చే పాత గనులకు మడుగులే నయం.

ఆదివారం పిల్లలతో ఇది చేయించండి. రెండు గుడ్డు పెంకు ముక్కలు తీసుకుని, ఒకదానికి రెండువైపులా, అంచులతో సహా నెయిల్ పాలిష్ వేసి ఆరనివ్వండి. రెండింటినీ వేర్వేరు గ్లాసుల్లో వెనిగర్‌లో వేయండి. పొర లేని ముక్క మీదే బుడగలు వస్తాయి. ఇంట్లో గుడ్డు వాడనివాళ్లు గవ్వలు వాడొచ్చు. చాక్‌పీస్ మాత్రం వద్దు. చాలావరకు జిప్సంతో చేస్తారు, బుడగలు రావు. పోయిన ఏడాది ఆ సంగతి మర్చిపోయి క్లాసు ముందు నేనే తెల్లమొహం వేశాను. పిల్లలు చూసింది నోట్‌బుక్‌లో రాసి తెస్తే సోమవారం క్లాసులో మాట్లాడుకుంటాం.