బ్యాటరీకి కరెంటు ఎందుకు ఎక్కటం లేదు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణం దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలి, తీగెలు తెగి, జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి విద్యుత్తు లేకుండా పోయింది. ఎలమంచిలి అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో ఉంది. అటువంటి రాత్రులలో దీపం వెలిగించటానికి నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ ఎంతో అక్కరకు వస్తుంది. కాని తుఫాను వచ్చేలోగా అది నిండాలి కదా!

ఎలమంచిలిలో ఒక విద్యార్థి ఇంట్లోనే ఛార్జరు తయారుచేశాడనుకుందాం. 230 వోల్టులను 12 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే నాలుగు డయోడ్లు, ఒక అమ్మీటరు. అంతే. 40 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీకి కలిపితే అమ్మీటరు ముల్లు 0.8 దగ్గర ఆగిపోయింది. ఈ లెక్కన బ్యాటరీ నిండటానికి కనీసం 40 ÷ 0.8 = 50 గంటలు కావాలి! లోపం ఎక్కడ ఉంది?

అలలు, గట్టు

"ట్రాన్స్‌ఫార్మరు 12 వోల్టులు, బ్యాటరీ 12 వోల్టులు. సరిపోవాలి కదా?" అని మీరు అడగవచ్చు. 12 అనేది ఏకాంతర విద్యుత్తు యొక్క ప్రభావక విలువ మాత్రమే. దాని గరిష్ఠ విలువ 12 × 1.414, అనగా సుమారు 17 వోల్టులు. దారిలో రెండు డయోడ్లు 1.4 వోల్టులు కాజేస్తాయి. మిగిలేది 15.6 వోల్టులు.

ఇపుడు సముద్రపు ఒడ్డున ఇసుక గట్టును ఊహించండి. అల గట్టు కంటే ఎత్తుగా లేచినపుడే నీరు ఇవతలకు పొర్లుతుంది. మన గట్టు బ్యాటరీ విద్యుచ్ఛాలక బలం, 12.6 వోల్టులు. అల శిఖరం దానిని దాటేది 3 వోల్టులే. అదీ మొత్తం కాలంలో మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ సేపే! వలయం మొత్తం నిరోధం 1 ఓమ్ అయితే శిఖరం వద్ద ప్రవాహం 3 ఆంపియర్లు, సగటున 0.8 ఆంపియరు.

15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెడితే అల 19.8 వోల్టులకు లేస్తుంది, గట్టును 7.2 వోల్టులు దాటుతుంది. నిరోధం మారకపోతే సగటు ప్రవాహం 2.5 ఆంపియర్లకు పెరుగుతుంది. పెంచింది 3 వోల్టులే, ప్రవాహం మూడు రెట్లు దాటింది! 50 గంటల పని 16 గంటలకు వచ్చింది.

ముందు ఇవి చూడండి

ట్రాన్స్‌ఫార్మరు కొనేముందు ఖర్చు లేని పరీక్షలు చేయాలి.

1. బ్యాటరీ ఇప్పటికే నిండి ఉందేమో! హైడ్రోమీటరు 1.26 - 1.28 చూపితే నిండినట్లే. అపుడు ప్రవాహం తగ్గటం లోపం కాదు.

2. ఛార్జి అవుతుండగా బ్యాటరీ ధ్రువానికీ క్లిప్పుకూ మధ్య వోల్ట్‌మీటరు పెట్టండి. 0.4 వోల్టు చూపితే, 0.4 ÷ 0.8 = 0.5 ఓమ్ ఆ అతుకులోనే దాగి ఉంది. మొత్తం నిరోధంలో అది సగం! ఛార్జరు ఆపి, తెల్లని పొడిని వంటసోడా నీటితో కడిగి, తుడిచి బిగించండి. ఆ నీరు ఘటాలలో పడరాదు. ప్రవాహం రెట్టింపు అవుతుంది.

3. ఒక డయోడు తెగిపోతే సగం అలలే వస్తాయి, ప్రవాహమూ సగమే. దానిని విడదీసి మల్టీమీటరుతో చూడండి. మంచి డయోడు ఒక దిశలోనే విద్యుత్తును పోనిస్తుంది.

4. నెలల తరబడి ఖాళీగా ఉంచిన బ్యాటరీ పలకలపై లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకొంటుంది. అంతర్నిరోధం పెరుగుతుంది. అపుడు తప్పు ఛార్జరుది కాదు.

జాగ్రత్తలు

230 వోల్టుల వైపు చేయి పెట్టవద్దు; ఆ పని తెలిసిన పెద్దలే చేయాలి. ఛార్జి అవుతుండగా హైడ్రోజను వెలువడుతుంది కనుక గాలి ఆడేచోట ఉంచండి, నిప్పు దగ్గరకు తేవద్దు. లోపలి ద్రవం సల్ఫ్యూరికామ్లం. కళ్ళకు అద్దాలు అవసరం. ప్రవాహం ఆంపియరు-గంటలలో పదో వంతును, ఇక్కడ 4 ఆంపియర్లను, మించరాదు. బ్యాటరీ 14.4 వోల్టులకు చేరగానే ఛార్జరు తీసివేయండి. డయోడ్లు, ట్రాన్స్‌ఫార్మరు ప్రవాహానికి తగినవి కావాలి. 1 ఆంపియరు డయోడ్లు ఇక్కడ కాలిపోతాయి.

చివరగా ఒక ప్రశ్న: 12 వోల్టుల ఛార్జరుతోనే బ్యాటరీ 13.8 వోల్టులకు చేరితే అల గట్టును ఎన్ని వోల్టులు దాటుతుంది? అపుడు అమ్మీటరు ముల్లు ఎటు కదులుతుంది? లెక్కకట్టి చూడండి.