పంచాయతీ కార్యాలయమున కంప్యూటర్లు నెమ్మదించినపుడు

గ్రామ పరిపాలనము నేడు కాగితపు కట్టలనుండి కంప్యూటరునకు మారినది. 2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24న ఆరంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. ఇట్టి దినములలో కార్యాలయపు యంత్రముల మధ్య సమాచారము నత్తనడక నడచినచో ఆ నష్టము కార్యాలయముతో ఆగదు. కూలి మానుకొని ధ్రువపత్రమునకై వచ్చినవాడు మధ్యాహ్నమువరకు అరుగుమీద కూర్చుండవలసివచ్చును. ఆ పూట కూలి అతనికి మరల రాదు.

యంత్రముల మరమ్మతు సభ్యుల పని కాదు గదా యని కొందరు అనుకొనవచ్చును. మరమ్మతు చేయువారు వేరే యున్నమాట నిజమే. కాని క్రొత్త కంప్యూటరు కొనవలెనని తీర్మానము చేయువారు సభ్యులే. లోపము ఒక తీగలో నుండగా యంత్రమును మార్చినచో ధనము వ్యయమగును, ఆలస్యము మాత్రము నిలిచియుండును. కావున ఏమి అడుగవలెనో సభ్యులు తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

చెరువు నిండియున్నను కాలువ పూడినచో కొసపొలమునకు నీరు చేరదు. అపుడు రైతు చెరువును నిందింపడు. తూమునుండి మడివరకు కాలువ వెంట నడచి, నీరు ఎచట ఆగినదో చూచును. ఇచ్చటను అదే పద్ధతి. మొదట తేల్చుకొనవలసినది, ఆలస్యము కార్యాలయము లోపల నున్నదా, వెలుపలి ఇంటర్నెట్టు లైనులో నున్నదా యనునది.

ఇందుకు సులభమైన పరీక్ష కలదు. ఒక పెద్ద ఫైలును కార్యాలయములోని ఒక కంప్యూటరునుండి మరియొక దానికి పంపి, గడియారము చూచుకొనవలెను. లెక్క యిట్లుండును. నెట్‌వర్కు వేగమును బిట్లలోను, ఫైలు పరిమాణమును బైట్లలోను చెప్పుదురు. ఒక బైటునకు 8 బిట్లు. 500 మెగాబైట్ల ఫైలనగా 4,000 మెగాబిట్లు. సెకనుకు 1,000 మెగాబిట్ల మార్గమున అది 4 సెకన్లలోను, 100 మెగాబిట్ల మార్గమున 40 సెకన్లలోను, 10 మెగాబిట్ల మార్గమున 400 సెకన్లలోను, అనగా 6 నిమిషముల 40 సెకన్లలోను చేరవలెను. ఆచరణలో కొంత ఎక్కువ పట్టును. చిన్న ఫైళ్లు వేలకొలదిగా నున్నచో మరింత ఆలస్యమగుట సహజము. కనుక పరీక్షకు ఒకే పెద్ద ఫైలు తీసికొనవలెను.

లోపలనే ఆలస్యమున్నదని తేలినచో ముందు తీగను చూడవలెను. నెట్‌వర్కు తీగలో ఎనిమిది రాగితీగలు నాలుగు జతలుగా పెనవేయబడియుండును. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలును. 1,000 మెగాబిట్లకు నాలుగును కావలెను. ఒక జత తెగినను పని సాగుచున్నట్లే కనిపించును గాని, వేగము పదవవంతునకు దిగవచ్చును. పులికాట్ సరస్సు చెంతనున్న చిట్టమూరు మండలమువంటి ప్రదేశములలో ఉప్పుగాలికి, తేమకు కొనలు చిలుము పట్టుటయు కలదు. ఎలుక కొరికిన తీగ, తలుపు సందున నలిగిన తీగ, కరెంటు తీగలతో కలిపి కట్టిన తీగ, వీటిని ముందుగా అనుమానింపవలెను. స్విచ్చినుండి కంప్యూటరువరకు తీగ పొడవు 100 మీటర్లు మించరాదు. బాగుగా పనిచేయుచున్న తీగను తెచ్చి తగిలించి మరల కాలము లెక్కించినచో నిజము బయటపడును.

తరువాత స్విచ్చిని చూడవలెను. పాతకాలపు స్విచ్చి 100 మెగాబిట్లకే పరిమితమైనచో క్రొత్త కంప్యూటరు కొన్నను ఫలము లేదు. ఒకే తీగ రెండు కొనలను పొరపాటున ఒకే స్విచ్చిలో పెట్టినచో సమాచారము గానుగెద్దువలె తిరిగి తిరిగి, కార్యాలయమంతయు స్తంభించిపోవచ్చును. వేగమును యంత్రములే పరస్పరము నిర్ణయించుకొనునట్లు విడిచిపెట్టుట మంచిది. ఒకవైపు మాత్రము చేతితో బిగించినచో, ఒక యంత్రము పంపుటయు అందుకొనుటయు ఏకకాలమున చేయుచుండగా, రెండవది వంతులవారీగా చేయును. అపుడు చిన్న పనులు సాగును. పెద్ద ఫైళ్లు మొరాయించును.

తీగ లేని వైఫై వాడుచోట గోడలు, ఇనుప బీరువాలు అడ్డగును. అట్టి యంత్రమును తీగతో కలిపి పరీక్షింపవలెను. ఒక్క కంప్యూటరు మాత్రమే నెమ్మదిగా నున్నచో దాని డిస్కు నిండినదేమో, పాతబడినదేమో, వైరస్ పరీక్ష ఆ సమయముననే నడచుచున్నదేమో చూడవలెను. ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చవలెను. నాలుగు ఒకేసారి మార్చినచో ఏది రోగమో, ఏది మందో తెలియదు.

లోపల అంతయు సక్రమముగా నున్నపుడే వెలుపలి లైనును ప్రశ్నింపవలెను. ఇతర కంప్యూటర్లన్నియు ఆపి, ఒక్కదానినే రౌటరునకు కలిపి వేగము చూడవలెను. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము చూచి వ్రాసికొనవలెను. ఇతర పుటలన్నియు వేగముగా తెరచుకొనుచు ఒక్క ప్రభుత్వ పుట మాత్రమే ఆలస్యమైనచో, ఒత్తిడి ఆవలి సర్వరుపై నుండవచ్చును. దానికి మన తీగలు మార్చి ప్రయోజనము లేదు.

ఇందుకొరకు కార్యాలయమున ఒక చిన్న పుస్తకము ఉంచుట మంచిది. తేదీ, వేళ, ఏ యంత్రము, ఏ ఫైలు, పట్టిన కాలము, మార్చిన వస్తువు, తరువాత పట్టిన కాలము అందు వ్రాయవలెను. “నెట్టు రాలేదు” అను ఫిర్యాదునకు సమాధానము దొరకుట కష్టము. “రెండు దినములుగా ఉదయము 11 గంటలకు వేగము ఇంత పడిపోవుచున్నది, లోపలి తీగలు సరిగా నున్నవి” అను ఫిర్యాదును త్రోసిపుచ్చుట అంతకంటె కష్టము.

క్రొత్త యంత్రమునకు ధనము కోరు ప్రతిపాదన వచ్చినపుడు సభ్యులు మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. తీగ మార్చి చూచినారా? రెండు యంత్రముల మధ్య కాలము లెక్కించినారా? ఆ లెక్క పుస్తకమున నున్నదా? ఈ మూడింటికి సమాధానము లభించిన పిదప చేసిన తీర్మానము గ్రామధనమును కాపాడును, అరుగుమీద వేచియున్నవాని పూటను కూడ కాపాడును.