స్టోరు కటింగ్ పోగా చేతికెంత?

ప్రశ్న: మా ఆయనకు ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగం. నెలనెలా సరుకులన్నీ ఉద్యోగుల సహకార స్టోరులో ఉద్దెర మీద తెచ్చుకుంటాం. బాకీ జీతంలోనే కట్ అవుతుంది. జీతం 34,000. చేతికొచ్చేది 15,000 దాటడం లేదు. ఇదేమిటని అడిగితే "నువ్వు తెచ్చిన సరుకులకే అంతా పోయింది" అంటున్నారు. అత్తమ్మతో కలిపి ఇంట్లో ఐదుగురం. నిజంగా మేం అంత తింటున్నామా?
– ఒక సోదరి, పెద్దపల్లి జిల్లా

జవాబు: తినడం లేదమ్మా. మీరు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి. మొత్తం కోత 19,000. జీతమంతటి మీదా 12 శాతం లెక్కన వేసినా పీఎఫ్ 4,080. వృత్తి పన్ను 200. ఈ రెండూ పోగా ఇంకా 14,720 కోత ఉంది. ఐదుగురున్న ఇంట్లో బియ్యం, పప్పులు, నూనె, చింతపండు, సబ్బులు ఎంత ధారాళంగా వాడినా పచారీ బిల్లు అంత కాదు.

జీతం స్లిప్పు తెప్పించుకుని చూడండి. చాలాచోట్ల అందులో 'స్టోర్స్' అని ఒక పద్దు, 'సొసైటీ' అని ఇంకో పద్దు ఉంటాయి. మొదటిది సరుకుల బాకీ. రెండోది సహకార పరపతి సంఘంలో తీసుకున్న అప్పు వాయిదా. ఇంట్లో మాటల్లోకి వచ్చేసరికి రెండూ కలిసి 'స్టోరు కటింగ్' అయిపోతాయి. స్టోరు పద్దులోనే మిక్సీయో టీవీయో వాయిదాల మీద కలిసి ఉండొచ్చు. మన కార్డు మీద తమ్ముడికో తోడల్లుడికో సరుకులు ఇప్పించడమూ మామూలే. మూడు నెలల బిల్లుల నకళ్లు స్టోరులో అడగండి. మీవారు సభ్యులు కాబట్టి ఆయన ఖాతా వివరాలు ఇవ్వాల్సిందే. సంచులు మోసుకొచ్చేది మీరు, స్లిప్పు చూసేది ఆయన. అందుకే నింద మీ మీదకు వచ్చింది. ఇక మీదట స్లిప్పు ఇద్దరూ కలిసి చూడండి. ఈ విషయంలో మొహమాటపడకండి.

ఇంకో సంగతి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం మామూలుగా జీతంలో సగం వరకే కోతను ఒప్పుకునేది. సహకార సంఘాల బాకీలు ఉంటే మాత్రం 75 శాతం దాకా పోనిచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఆ మినహాయింపు లేదు. ఏ బాకీ అయినా, అన్నీ కలిపి 50 శాతం దాటకూడదు. మీ ఇంటి లెక్కలో ఆ గీత 17,000 దగ్గర పడుతుంది. 19,000 కోస్తున్నారు కాబట్టి, జీతాల సెక్షన్‌కు మీవారి చేత ఒక దరఖాస్తు రాయించండి. నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోవడం మరవొద్దు. అలాగని మిగతా బాకీ మాఫీ కాదు, తర్వాతి నెలలకు జరుగుతుంది.

సహకార స్టోరు మంచిదే. అందులో మనకూ వాటా ఉంటుంది, లాభం వస్తే డివిడెండ్ వస్తుంది. నాకు భయం ఉద్దెరతోనే. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844లో నేత కార్మికులు పిండి, వెన్న, చక్కెర, ఓట్సు పిండి పెట్టుకుని ఒక దుకాణం తెరిచారు. ఇవాళ్టి వినియోగదారుల సహకార సంఘాలన్నీ దాని దారిలో వచ్చినవే. అక్కడ సరుకు నగదుకే అమ్మాలని వాళ్లు నియమం పెట్టుకున్నారు. అంతకుముందు అలాంటి దుకాణాలు అప్పుల కింద మునిగిపోవడం చూసిన మనుషులు వాళ్లు. ఉద్దెరలో చేతి నుంచి నోటు కదలదు. కార్డు మీద ఇంకా ఎనిమిది వందలు మిగిలిందంటే, దాన్నీ వాడేద్దామనిపిస్తుంది. పరిమితి అంటే ఆదాయం కాదు, వచ్చే నెల జీతాన్ని ఈ నెలే తినడం. కాబట్టి బియ్యం, కందిపప్పు, నూనె, ఈ మూడే ఖాతా మీద తెచ్చుకోండి. బిస్కట్లు, షాంపూలు, డబ్బా సామాను నగదుకు కొనండి, లేదా మానేయండి. తెచ్చిన రోజే మీ సొంత నోటుబుక్కులో ధరతో సహా రాసుకోండి. అదే బియ్యం బస్తా బజార్లో ఎంతకు ఇస్తున్నారో కూడా కనుక్కోండి. స్టోరులో ఎక్కువ పడుతోందంటే ఆ తేడా మీరు కడుతున్న వడ్డీయే.

ప్రశ్న: తోటి ఉద్యోగి స్టోరులో ఖాతా తెరుస్తుంటే జమానతు సంతకం పెట్టాను. అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు అతని బాకీ నా జీతంలో కోస్తున్నారు. ముందు అతన్ని పట్టుకోవాలి కదా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: పట్టుకోవాలన్న నియమం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, బాకీదారుకు ఎంత బాధ్యత ఉందో జమానతుదారుకూ అంతే. అయినా ఊరికే ఒప్పుకోకండి. మీరు సంతకం పెట్టిన కాగితం నకలు తీసుకుని, ఎంత మొత్తానికి పెట్టారో చూడండి. తర్వాత మీకు చెప్పకుండా అతని పరిమితి పెంచారా? పెంచి ఉంటే, 133వ సెక్షన్ కింద ఆ మార్పు తర్వాతి కొనుగోళ్లకు మీ బాధ్యత ఉండదని వాదించవచ్చు. మీరు ఇంకెవరికైనా ఇలాగే జమానతు ఉంటే ఇవాళే స్టోరుకు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఇకముందు కొనుగోళ్లకు పూచీ లేదని రాయండి. 130వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. పాత బాకీకి మాత్రం అది పనికిరాదు.

మీ జీతంలో కోసిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ఆ మొత్తం అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంది. మీరు కట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. స్నేహం చెడుతుందని ఆగి గడువు దాటబెట్టుకోకండి.

ప్రశ్న: నాకు కిరాణా షాపు ఉంది. పక్కనున్న ప్రైవేటు స్కూలు టీచర్లకు అరువిచ్చి, వాళ్ల జీతంలోంచి యాజమాన్యం చేత కట్ చేయించుకోవచ్చా?
– తెనాలి పాఠకుడు

జవాబు: వద్దు. జీతంలో ఏమేం కోయవచ్చో చట్టం జాబితా ఇచ్చింది. సహకార సంఘం అందులో ఉంది, ప్రైవేటు దుకాణం లేదు. టీచర్లు తమ బ్యాంకు ఖాతా నుంచి తామే ఆటోపే పెట్టుకుంటే అభ్యంతరం లేదు, దాన్ని ఆపుకునే వీలు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న: ఇటుక బట్టీలో పనికొచ్చాం. మేస్త్రీ చెప్పిన దుకాణంలోనే సరుకులు తీసుకోవాలి, ధర బయటికంటే ఎక్కువ. లెక్క రాసేది వాళ్లే. సీజను అయిపోయాక ఇంకా మేమే బాకీ ఉన్నామంటున్నారు. అది తీరేదాకా ఊరికి పోవద్దంటున్నారు.
– పేరు, ఊరు రాయవద్దన్నారు

జవాబు: తమ్ముడూ, అప్పు పేరుతో మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం దాన్ని నేరం అంటుంది. చేసినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు. అలాంటి బాకీని మీరు కట్టనక్కర లేదు, చట్టమే దాన్ని రద్దు చేసింది. కూలిని డబ్బు రూపంలోనే ఇవ్వాలి, సరుకులిచ్చి సరిపెట్టుకోకూడదు. ఇంగ్లండు యజమానులు సొంత దుకాణాల సరుకులతో కూలి చెల్లిస్తుంటే 1831లోనే అక్కడ చట్టం చేసి ఆపారు.

మేస్త్రీతో వాదన పెట్టుకోకండి, మీతో పిల్లలున్నారు. ఆ లెక్కల పుస్తకం కనబడితే ఫోన్‌లో ఫోటో తీయండి. రోజుకు ఎన్ని ఇటుకలు వేశారో, ఏ వారం ఎంత ఖర్చుకు ఇచ్చారో గుర్తున్నంత వరకు రాసుకోండి. 15100కు ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు. మీరు ఏ మండలంలో, ఏ ఊరి దగ్గర ఉన్నారో, ఎంతమంది ఉన్నారో చెప్పండి. విచారించి విడిపించే అధికారం కలెక్టరుకు, ఆర్డీవోకు ఉంది. విడిపించినప్పుడు విడుదల పత్రం అడిగి తీసుకోండి, పునరావాస సాయం రావాలంటే ఆ కాగితం కావాలి.