క్విల్లింగ్ నేర్చుకుంటున్నారా? అంచు నుంచి మొదలుపెట్టండి!

క్విల్లింగ్ కిట్ కొన్నారు. రంగురంగుల పేపర్ స్ట్రిప్స్ వచ్చాయి, టూల్ వచ్చింది. తర్వాత మీరేం చేస్తారో నాకు తెలుసు. ఫోన్‌లో పేద్ద నెమలినో, వినాయకుడి ముఖాన్నో వెతుకుతారు. మూడో రోజుకి కిట్ అటక మీదికి చేరుతుంది.

ఈసారి చేరదు. మీ చేతిలో లోపమేమీ లేదు. మొదలుపెట్టిన చోటే తప్పు. అది మార్చేద్దాం.

చేర్యాల పటాన్ని గురువుగా పెట్టుకోండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు గుడ్డకి తెల్లమట్టి, చింతగింజల జిగురు పూత పట్టించి, ఎర్రటి నేల మీద కథలు గీస్తారు. కూనపులివాళ్లు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం చెప్పింది ఇలాంటి పటాలు పట్టుకునే. అందరూ పటంలో దేవుణ్ణి చూస్తారు. మీరు అంచు చూడండి. ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి వేరు చేసేది ఆ పూల వరసే. అదే పువ్వు, పక్కన మళ్లీ అదే పువ్వు. కొత్త చేతికి ఇంతకంటే మంచి ట్రైనింగ్ దొరకదు.

రెడీనా? ఎ4 సైజు ఎర్ర చార్ట్ తీసుకోండి. కాస్త దళసరిది. స్ట్రిప్స్ 5 మి.మీ. వెడల్పువి చాలు. 3 మి.మీ. జోలికి ఇప్పుడే వెళ్లకండి, విసుగొస్తుంది.

• 15 సెం.మీ. ముక్కను టూల్‌కి చుట్టి, సర్కిల్ బోర్డు గుంటలో వదలండి. బోర్డు వాడితే అన్నీ ఒకే సైజులో వస్తాయి.
• కొసను అంటించి, ఒక పక్క నొక్కండి. రేక తయారు. అలాంటివి ఐదు.
• మధ్యలోకి వదులు చేయని గట్టి చుట్ట ఒకటి.
• ఫెవికాల్ టూత్‌పిక్ మొనతోనే. ఎక్కువైతే ఎర్ర చార్ట్ మీద మరక మెరుస్తూ కనిపిస్తుంది.

రోజుకి రెండు పూలు. రెండే! హుషారొచ్చి ఆదివారం పది చేసి, సోమవారం నుంచి మానేసేవాళ్లు మనలో చాలామందే. ఇంకా చేయాలనిపిస్తుండగానే లేవండి, రేపు మీరే వచ్చి కూర్చుంటారు. టైమ్ ఒకటే పెట్టుకోండి. టీవీ సీరియల్ టైమైనా పర్లేదు, చెవులు అటు, కళ్లు ఇటు. చార్ట్ చుట్టూ పాతిక పూలు పడతాయి. అంటే రెండు వారాల్లోపే అంచు పూర్తి.

మొదటి పువ్వు వంకరగా ఉందా? పీకకండి. పాతికో పువ్వు పక్కన దాన్ని చూసుకుంటే మీ ప్రోగ్రెస్ రిపోర్ట్ మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మధ్యభాగం. ముఖాలు వద్దు, చిలుకతో మొదలుపెట్టండి. కుంచె పట్టినవాళ్లు రంగులయ్యాక నల్లగీతతో బొమ్మను తేలుస్తారు. మనకి ఆ గీతే ముందు. నల్ల స్ట్రిప్‌ను పడుకోబెట్టకుండా నిలువుగా నిలబెట్టి, చిలుక ఆకారంలో వంచి అంటించండి. ఆరాక లోపల ఆకుపచ్చ చుట్టలు నింపండి. కన్నుకి చుట్టను రెండు పక్కలా నొక్కితే చాలు. తోక దగ్గర తొందరపడతారు, పడొద్దు. చిలుక రూపం నిలబడేది అక్కడే.

ఫ్రేమ్ షాపులో లోతున్న బాక్స్ ఫ్రేమ్ అడగండి. మామూలు దానిలో అద్దం చుట్టలకి ఆనుకుని నలిపేస్తుంది.

అమ్మే ఆలోచన ఉందా? శుభం, అమ్మండి! కానీ లేబుల్ మీద ‘చేర్యాల స్ఫూర్తితో పేపర్ క్విల్లింగ్’ అని స్పష్టంగా రాయండి. చేర్యాల చిత్రాలకి జీఐ గుర్తింపు ఉంది, ఆ పేరు అక్కడి కళాకారులది. మొదటి ఆర్డర్ డబ్బులు రాగానే వాళ్ల దగ్గర చిన్న పటమో, మాస్కో ఒకటి కొనుక్కోండి. రెండో డిజైన్‌కి ఫోన్ స్క్రీన్ కాకుండా అదే ఎదురుగా పెట్టుకోండి.