పద్నాలుగేళ్ల జేకబ్ దోషేనా?

ప్రశ్న: మేడమ్, ‘డిఫెండింగ్ జేకబ్’ నవల చదివి మా మిత్రులం రెండుగా చీలిపోయాం. ఆ అబ్బాయి హంతకుడేనా?
– ఒక పాఠకుడు, చర్ల

జవాబు: జేకబ్ తాత హంతకుడన్న మాట పక్కన పెట్టండి. నేరం రక్తంలోనే ఉందనడం సాక్ష్యం కాదు. జేకబ్ దగ్గర కత్తి ఉందన్నది అనుమానానికి కారణమే, రుజువు కాదు. నా ఓటు నిర్దోషికే.

నన్ను కలచివేసేది వేరే. విలియం లాండే 2012లో వెలువరించిన ఆ కథలో 14 ఏళ్లవాణ్ని పెద్దవాడిలా విచారిస్తారు. మసాచుసెట్స్ చట్టం అలాంటిది. అదే అబ్బాయి మీ చర్లవాడైతే 2015 బాలల న్యాయ చట్టం కింద జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకెళ్లేవాడు. నేరం తేలినా ప్రత్యేక గృహంలో మూడేళ్లకు మించి ఉంచరు. పెద్దవాడిగా విచారించాలా అన్న ప్రశ్న 16 నిండాకే, అదీ ఘోర నేరమైతేనే.

మన ఏజెన్సీలో అసలు చిక్కు వయసు దగ్గరే. బడి సర్టిఫికెట్, జనన పత్రం రెండూ లేకపోతే ఎముకల పరీక్షే దిక్కు. అది చెప్పేది అంచనా మాత్రమే. మీ చుట్టుపక్కల గూడేల్లో పిల్లల జనన నమోదు జరిగిందో లేదో ఈ వారమే కనుక్కోండి.