వ్యర్థ స్థలముల తనిఖీ: అధికారుల ప్రవేశాధికారము

తన గోడ లోపల తానేమి చేసికొన్నను ఇతరులకేమి పని అని తలచుట లోకసహజము. నివాసగృహము విషయమున ఈ మాట కొంతవరకు చెల్లును. వ్యర్థ పదార్థములను పోగుచేయు స్థలముల విషయమున చెల్లదు. గోడ మనుష్యులను ఆపగలదు గాని, భూమిలోనికి ఇంకు విషమును ఆపజాలదు. అందువలననే అట్టి స్థలములలో ప్రవేశించి పరీక్షించు అధికారమును చట్టము ప్రభుత్వోద్యోగులకు ఒసగినది.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ సమీపమున బిచ్రీ అను గ్రామము గలదు. 1980 దశాబ్ది చివరి సంవత్సరములలో అచ్చటి రసాయన కర్మాగారములు హెచ్-ఆమ్లమను పదార్థమును తయారుచేసి, విషపూరితమైన మడ్డిని ఆరుబయట పోసినవి. అది వర్షపు నీటితో నేలలోనికి దిగెను. సుమారు 60 బావుల నీరు చెడిపోయెను. తయారీ నిలిచిన పిదపను విషము నేలలోనే యుండెను. 1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, కాలుష్యము కలిగించినవారే దానిని తొలగించు వ్యయమును భరింపవలెనని తీర్పు చెప్పినది. తీర్పు వచ్చినను చెడిన బావి వెంటనే బాగుపడదు. కావున సకాలమున జరుగు తనిఖీయే గ్రామమునకు మొదటి రక్ష.

ఈ అధికారము ముఖ్యముగా మూడు చట్టములందు గలదు: 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము 23వ సెక్షను, 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము 24వ సెక్షను, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము 10వ సెక్షను. వీని ప్రకారము అధికారము పొందిన ఉద్యోగి, జలకాలుష్య చట్టము క్రింద ఏ సమయమునందైనను, తక్కిన రెండు చట్టముల క్రింద తగిన సమయములందు, అవసరమైన సహాయకులతో ప్రవేశింపవచ్చును. యంత్రములను, రిజిష్టర్లను పరీక్షింపవచ్చును. నేరము జరిగినదని గాని, జరుగనున్నదని గాని నమ్ముటకు కారణమున్నచో సోదా చేయవచ్చును. ఇది చట్టమిచ్చిన హక్కు. యజమాని దయ కాదు. తగిన సమయమనగా పగటివేళ మాత్రమేయని చట్టము చెప్పలేదు.

రిజిష్టర్లు చూచుటలో ప్రయోజనమేమి? 2016 నాటి నిబంధనల ప్రకారము ప్రమాదకర వ్యర్థములను సామాన్యముగా 90 దినములకు మించి నిలువ చేయరాదు. తరలించునపుడు వెంట నిర్ణీత పత్రము ఉండవలెను. లెక్కకును, కుప్పకును పొత్తు కుదరనిచో మిగిలినది ఎచ్చటికి పోయినదను ప్రశ్న పుట్టును.

ఈ అధికారమునకు హద్దులును గలవు. నివాసస్థలములోనుండి, కేవలము ఇంటి వాడుకకే ఉపయోగపడు బావిని తగు వేళలందే పరీక్షింపవలెను. నీటి నమూనా తీయునపుడు యజమానికి నోటీసు ఇచ్చి, అతని సమక్షమున రెండు భాగములు చేసి, సీలు వేసి, ఉభయులు సంతకములు చేయవలెను. ఈ పద్ధతి తప్పినచో పరీక్షాఫలితము కోర్టులో సాక్ష్యముగా చెల్లదు.

వ్యర్థములను నిర్వహించువారు అధికారికి సహకరింప బద్ధులు. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టము పర్యావరణ చట్టమున జైలు శిక్షకు బదులు చాలవరకు ధనరూపమైన దండనలను ప్రవేశపెట్టినది. కాని సహకరించు బాధ్యతను తొలగింపలేదు.

పంచాయతీ సభ్యులు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. పైన చెప్పిన ప్రవేశాధికారము అధికారము పొందిన ఉద్యోగిదే గాని, సభ్యత్వము వలన వచ్చునది కాదు. కోపముతో గోడ దూకి సీసాలో నీరు పట్టి తెచ్చిన నమూనా, చట్టము కోరిన నమూనా కానేరదు. సభ్యులు చేయదగిన పని వేరు. లారీలు వచ్చిన తేదీలు, వేళలు, వాసన, నీటి రంగు, చెడిన బావుల సర్వే నంబర్లు వ్రాసిపెట్టవలెను. గ్రామసభలో చర్చించి, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతమూలకముగా ఫిర్యాదు పంపి, రసీదు భద్రపరచవలెను. అధికారి వచ్చిన దినమున వాగు కలియు చోటును, వెనుక ద్వారమును చూపవలెను. ఎవరైన అడ్డగించినచో ఆ సంగతి తేదీతో నమోదు చేయవలెను. ఎంతకును చర్య లేనిచో, పర్యావరణ చట్టము 19వ సెక్షను ప్రకారము 60 దినములకు తక్కువకాని నోటీసు ఇచ్చిన పిమ్మట, ఏ పౌరుడైనను కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును.

తలుపు తెరిపించు అధికారము ఉద్యోగిది. ఏ తలుపు తెరిపింపవలెనో సకాలమున తెలుపుట గ్రామము పని. ఈ రెండును కలిసినప్పుడే ఊరి బావి నిలుచును.