రెండో కీపర్‌కి మావయ్య జవాబు

చిన్నా,

తుది జట్టులో పేరు లేనంత మాత్రాన గ్లోవ్స్ అటక మీద పడేసి బ్యాట్ ఒక్కటే పట్టుకుంటానంటావేమిట్రా? బ్యాటర్‌కి ఆరు చోట్లు, కీపర్‌కి ఒక్కటే అన్న నీ లెక్క తప్పేం కాదు. ఆ లెక్కకి జడిసి ఉంటే వృద్ధిమాన్ సాహా పేరు సిలిగురి దాటి వచ్చేది కాదు.

సాహా క్యాచ్‌లు నువ్వు ఫోన్‌లో తెగ చూస్తావు. అంతకుముందు సంగతి చూడవు. సిలిగురి కుర్రాడు బెంగాల్ జట్టు గుమ్మం దాకా వచ్చేసరికి లోపల దీప్ దాస్‌గుప్తా ఉన్నాడు. టెస్టు సెంచరీ కొట్టిన కీపర్ అతను. దాస్‌గుప్తా ఇండియన్ క్రికెట్ లీగ్‌కి వెళ్లిపోయాక గానీ 2007 నవంబర్‌లో సాహాకి రంజీ పిలుపు రాలేదు. తొలి మ్యాచ్ ఎవరి మీదనుకున్నావు? మన హైదరాబాద్ మీదే. 111 నాటౌట్!

ఇంక దారి దొరికినట్టే కదా? తీరా చూస్తే పై గుమ్మంలో ధోనీ. 

2010 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో దక్షిణాఫ్రికాతో టెస్టు. ఆ ఉదయం ఫుట్‌బాల్ ఆడుతూ రోహిత్ శర్మ చీలమండ మెలిపెట్టుకున్నాడు. రిజర్వ్ కీపర్‌గా వచ్చిన సాహాని ఉన్నపళంగా బ్యాటర్‌గా దింపారు. గ్లోవ్స్ ధోనీ చేతికే. సాహా మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండోదాంట్లో 36. రెండో టెస్టు 2012 జనవరిలో అడిలైడ్‌లో, అదీ ధోనీ మీద ఓవర్ రేట్ నిషేధం పడబట్టి. మూడోది 2014 డిసెంబర్‌లో. దాదాపు అయిదేళ్లలో రెండంటే రెండు టెస్టులు! నువ్వేమో ఒక్క సీజన్‌కే అలిగి కూర్చున్నావు.

ఆ అయిదేళ్లూ అతను ఏం చేశాడంటే, కీపింగ్ చేశాడు. రంజీలో, క్లబ్ మ్యాచ్‌లో, నెట్స్‌లో. ఇక్కడ కోల్‌కతా మైదాన్‌లో సాయంత్రం ఏ క్లబ్ టెంట్ ముందు నిలబడినా పది మంది కీపర్లు కనిపిస్తారు. వాళ్లలో తొమ్మిది మంది తొందరగా లేచేవాళ్లే. మీ మావయ్య ప్రాణం అక్కడే ఉసూరుమంటుంది. స్పిన్నర్ చేతిలోంచి బంతి వదలగానే మోకాళ్లు నిటారుగా అయిపోతాయి. బంతి కింద ఉండిపోతే చేతులు పైనుంచి కిందికి రావాలి. అలా వచ్చే చేతులు గట్టిపడతాయి, బంతి అరచేతికి తగిలి ఎగిరిపోతుంది. కింద కూర్చుని బంతితో పాటే లేచేవాడికి ఆ తిప్పలు లేవు. కింద నుంచి పైకి రావడం ఎప్పుడూ సులువే. సాహా వికెట్ల దగ్గర నిలబడ్డప్పుడు బంతి పిచ్ మీద పడేదాకా అతని తల చూడు, కదలదు. డైవ్‌లు తర్వాత నేర్చుకోవచ్చు. 2017లో పుణెలో ఉమేశ్ యాదవ్ బౌలింగ్‌లో ఓకీఫ్ క్యాచ్‌ని కుడి పక్కకి గాల్లో తేలి ఒంటిచేత్తో పట్టాడే, అది కూడా పాదం ముందు సరిగా కదిలింది కాబట్టే చేతికి అందింది.

ఈడెన్ గార్డెన్స్‌లో 2019 నవంబర్ 22న మన దేశంలో తొలి పింక్ బాల్ టెస్టు మొదలైంది. బంగ్లాదేశ్ వికెట్లలో ఒక్కటి కూడా మన స్పిన్నర్లకి దక్కలేదు, అంతా పేస్. బంతి బ్యాట్ దాటాక కూడా వంకర్లు పోతుంటే సాహా వెనక నిలబడి టెస్టుల్లో నూరో వికెట్ అందుకున్నాడు. ఆ మ్యాచ్‌కి సాహా వెనక ఇంకొకడు ఉన్నాడు, నువ్వు మర్చిపోయావు. జట్టులోని ఇంకో కీపర్ పంత్‌ని దేశవాళీ మ్యాచ్‌లకి పంపించి, మన విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్‌ని పిలిపించారు. 2015లో గోవా మీద 308 కొట్టి, రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి కీపర్ అయినవాడు ఈడెన్‌లో బయట కూర్చున్నాడు. నీలాగే, రెండో కీపర్‌గా.

రెండేళ్లకి కాన్పూర్ టెస్టు. న్యూజిలాండ్ ఓపెనర్లు పాతుకుపోయారు. మూడో రోజు ఉదయం సాహాకి మెడ పట్టేసింది. సబ్‌స్టిట్యూట్‌గా భరత్ దిగాడు. అశ్విన్ బంతి తక్కువ ఎత్తులో వచ్చి విల్ యంగ్ బ్యాట్ అంచుని గీకింది. భరత్ వంగి పట్టేశాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. తగిలిందని కెప్టెన్ రహానేని ఒప్పించి రివ్యూ తీయించింది భరతే. యంగ్ 89 దగ్గర ఔట్. తర్వాత టేలర్ క్యాచ్, 95 మీదున్న లేథమ్ స్టంపింగ్. అదే మ్యాచ్‌లో సాహా ఆ మెడతోనే బ్యాటింగ్‌కి దిగి 61 నాటౌట్‌గా నిలిచాడు. స్కోరు కార్డులో భరత్ పేరు ‘సబ్’ అన్న మాట పక్కనే ఉంటుంది, వెతికి చూడు.

అలాగని బ్యాటింగ్ అక్కర్లేదనుకోకు, మీ అమ్మ మీ మావయ్యని తిడుతుంది. భరత్ 2023లో అదే నాగ్‌పూర్‌లో టెస్టు టోపీ అందుకుని ఏడు టెస్టులాడాడు. అత్యధిక స్కోరు 44. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌కి వచ్చేసరికి గ్లోవ్స్ ధ్రువ్ జురెల్ చేతికి వెళ్లిపోయాయి. సాహాని పంత్ వెనక్కి నెట్టింది కూడా పరుగులతోనే. కాబట్టి నెట్స్‌లో బ్యాటింగ్‌కి నీ వంతు వదులుకోకు. అది అయ్యాక ప్యాడ్లు విప్పేసి ఫోన్ తీయకుండా, మీ ఎడమచేతి స్పిన్నర్‌ని బతిమాలి ఇంకో అరగంట బంతులేయించుకో. వాడు విసుక్కుంటే టీ తాగించు.

కొత్త గ్లోవ్స్ అడిగావు. ధర్మతలా దగ్గర మైదాన్ మార్కెట్‌లో చూస్తాను. అరచేయి కొలత పంపు. లోపల వేసుకునే ఇన్నర్స్ రెండు జతలు తీసుకుంటాను, ఒకటి ఆరేలోపు రెండోది ఉంటుంది. పాతవి పారేయకు, వానాకాలంలో ప్రాక్టీస్‌కి పనికొస్తాయి.

మీ మావయ్య,
కోల్‌కతా